పెక్కు కన్నుల నవలలు

మధ్యాహ్న భోజనములై, వంటయిల్లు తుడిచి తలుపు చేరవేసినది మొదలు సాయంకాలపు కాఫీకి పాలు కాచువఱకు గల రెండుగంటల కాలము మన సొంతము. ఆ వేళ కొందఱు కునుకు తీయుదురు. కొందఱు పొరుగమ్మతో ముచ్చటింతురు. నాకు చిన్నతనమునుండి నవలలు చదువుట యలవాటు. అయినను రాకెట్టులు, గ్రహాంతర ప్రయాణములు గల నవలలు మగపిల్లల వేడుకకు వ్రాసినవని తలచి, అరువదియేండ్లు దాటువఱకు వానిని ముట్టనైతిని.

కడచిన వేసవిలో మా అమ్మాయి పుట్టింటికి వచ్చినపుడు, లావుపాటి యాంగ్లపుస్తకము నొకదానిని నా మంచముపై నుంచి, "అమ్మా, ఇందులో రాకెట్టు త్వరలోనే దిగిపోతుంది. తరువాత అంతా మనుషులే. చదివి చూడు" అన్నది. ఆ మాట నమ్మి మొదలుపెట్టితిని. పుస్తక మొక్కటే యగుటచే, నేను ముగించిన భాగము వెంట మా తోటికోడలును, ఆమె వెంట పొరుగింటి పంతులమ్మగారును చదువుచు వచ్చిరి. తోటికోడలు చాలకాలము వేఱొక యూర నుండి, రెండేండ్ల క్రిందట మా వీధిచివరకు కాపురము మార్చినది. పంతులమ్మగారు ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పి విశ్రాంతి గైకొన్నవారు. మా ముగ్గురి యభిప్రాయములును ఒక్కనాడైనను కలియలేదు. ఆ కలియకపోవుటయే నాచేత నీ వ్యాసము వ్రాయించుచున్నది.

ఆ నవల పేరు ‘రెడ్ మార్స్’. 1992లో వెలువడినది. వ్రాసినది అమెరికా దేశస్థుడగు కిమ్ స్టాన్లీ రాబిన్సన్. కిమ్ అను పేరు చూచి కర్త స్త్రీయేమో యనుకొంటిని, పురుషుడే. దీని తరువాయిగా 1993లో ‘గ్రీన్ మార్స్’, 1996లో ‘బ్లూ మార్స్’ అను రెండు సంపుటములు వచ్చినవి. జాతకములలో కుజదోష మనిన వెఱచు మనకు, కుజునిమీదనే కాపురము పెట్టబోవువారి కథ యిది. అమెరికావారు 35 మంది, రష్యావారు 35 మంది, ఇతర దేశములవారు 30 మంది, మొత్తము నూఱుగురు స్త్రీపురుషులు ‘ఏరీస్’ అను నావ యెక్కి, తొమ్మిదినెలలు ప్రయాణము చేసి అంగారకమున దిగుదురు. నవలలో ఆ నావ బయలుదేరుట 2026వ సంవత్సరాంతమున. నిజమునకు మనుష్యు డెవ్వడును ఇంకను అచ్చట పాదము మోపలేదు. యంత్రములు మాత్రము పోయినవి. మన మంగళయానము 2014 సెప్టెంబరు 24వ తేదీన ఆ గ్రహమును చేరినపుడు, పట్టుచీరెలు కట్టి పూలు ముడిచిన స్త్రీలు కేంద్రమున సంతసించుచున్న చిత్రము మీరును చూచియుందురు.

ఈ నవలకు ఎనిమిది భాగములు. కథ చెప్పు గొంతు ఒక్కటియే యైనను, ఒక్కొక భాగమున ఒక్కొకరి కన్నులు మనకు అరువు దొరకును. ఆరుగురి కన్నులతో ఎనిమిది భాగములు నడచును. ఒకరి భాగమున మనము చూచిన మనుష్యుడే మఱియొకరి భాగమున వేఱుమనుష్యుడై కనబడును. మనకు ఆశ్చర్యము కలుగును. ఒక్కొకప్పుడు సిగ్గును కలుగును. మొదటి భాగములో మనము నమ్మి వేసిన తీర్పును మూడవ భాగములో వెనుకకు తీసికొనవలసివచ్చును గదా.

మొదటి భాగము ఫ్రాంక్ అనువానిది. అంగారకమున నొక క్రొత్త నగరమున ఉత్సవము జరుగుచుండగా, అతడు తన స్నేహితుడగు జాన్ బూన్ అనువానిని చంపించును. కథ చెప్పివేయుచున్నానని కోపింపకుడు. ఈ మరణము పుస్తకారంభముననే యున్నది. రెండవ భాగమున కథ యనేక సంవత్సరములు వెనుకకు పోయి, నావలో ప్రయాణము మొదలగును. అచ్చట జాన్ నవ్వుచు, హాస్యములాడుచు తిరుగుచుండును. వాని చావు మనకు తెలియును, వానికి తెలియదు. అయిదవ భాగము వానిదే. ఆ భాగమునిండ వాని యుత్సాహము చదువుచుండగా నాకు కడుపులో దేవినట్లయినది. పిల్లవాడు మెట్లమీద నడుచుచుండ, పడునని తెలిసియు పట్టుకొనలేని తల్లివలె చదివితిని.

లోపలినుండి చూచినంత మాత్రమున క్షమించుదుమనియు నిశ్చయము లేదు. ఫ్రాంక్ మనస్సులోనికే కర్త మనల ప్రవేశపెట్టెను. అయినను వానిని మే మెవ్వరము క్షమింపలేదు. అసూయ లోపలినుండి ఎంత న్యాయముగా కనబడునో చూచి భయపడితిమి, అంతే. వాని రెండవ భాగములో ఒప్పందములు, బేరములు, రాజకీయములు మెండు. నేను పుటలు త్రిప్పివేసితినని దాచను.

మే మెక్కువగా వాదించుకొన్నది మాయా అను నామెను గూర్చి. మన దేశపు పేరువలె నున్నది గాని ఆమె రష్యావనిత, ఆ దేశమువారందఱికి నాయకురాలు, సౌందర్యవతి. ఫ్రాంకును జానును ఇద్దఱును ఆమెను కోరుదురు. ఫ్రాంక్ కన్నులతో చూచినప్పుడు ఆమె మనుష్యులను ఆడించునది. రెండవ భాగము ఆమెది. అందు చూడగా, ఎల్లప్పుడును ఇతరులచేత చూడబడి చూడబడి యలసినది. తన కోపము తనకే యడ్డము వచ్చునది. తోటికోడలు ఆ భాగము చదివి కన్నులు తుడుచుకొన్నది. మూడవ భాగమున నాదియా అను నింజనీరు కన్నులు లభించును. మాయా రాత్రింబవళ్ళు వచ్చి తన గోడు చెప్పుకొనుచుండగా, నాదియాకు పని చెడుచుండును. వెంటనే మాకును విసుగు వచ్చినది! నిన్న ఏడ్చినది మేమే; నేడు "ఈమె యెప్పుడు వెళ్ళునా" యని చూచినదియు మేమే. పంతులమ్మగారు మాత్రము, "నాకు మొదటినుంచీ నచ్చలేదు, చివరిదాకా నచ్చదు" అని కదలక కూర్చుండిరి.

నాకు మిక్కిలి యిష్టమైనది నాదియా. సైబీరియానుండి వచ్చిన పొట్టి, బలిష్ఠురాలగు స్త్రీ. మాటలకంటె పనిముట్లు ప్రియము. అంగారకమున దిగినతోడనే అందఱును అది చేయుదము, ఇది చేయుదమని వాదించుకొనుచుండ, ఈమె పెట్టెలు విప్పి, గొట్టములు బిగించి, అచ్చటి మట్టితోనే యిటుకలు చేయించి, కమానుల యిండ్లు కట్టించును. నీళ్ళెచ్చట, మరుగెచ్చట, గాలి యెటు వచ్చును, ఏ తలుపు సరిగా పడుటలేదు, ఇవియే ఆమె తలపులు. నూఱుగురికి ఇల్లు సమకూర్చుచు ఆమె పొందిన సంతోషమును చదువుచుండగా, క్రొత్తకాపురమునకు వచ్చి నేను పొయ్యి వేసికొన్న దినములు జ్ఞప్తికి వచ్చినవి. ఒక ప్రమాదమున ఆమె వ్రేలు పోవును. కొంతకాలమునకు మరల పనిలో దిగును. ఆర్మ్‌స్ట్రాంగ్ వాద్యగీతములు వినుచు పనిచేయుట ఆమెకు వేడుక.

ఈ భాగములు చదువునప్పుడు పంతులమ్మగారి సాయము మాకు గొప్పగా నుండెను. అంగారకమున బరువు భూమిమీది బరువులో నూటికి 38 వంతులట. ఇచ్చటి 50 కిలోల బియ్యపుబస్తా అచ్చట 19 కిలోలుగా తోచునట. అచ్చటి గాలి యొత్తిడి మన గాలిలో నూటికి ఒక వంతైనను లేదు. నవల వెలువడిన నాటికి తెలియని సంగతి యొకటియు వారు చెప్పిరి. 2008లో ‘ఫీనిక్స్’ అను యంత్రము అచ్చటి మట్టిలో పెర్‌క్లోరేటు అను హానికరమైన లవణములను కనుగొన్నది. కావున నవలలోవలె ఆ మట్టిలో పాదులు వేయవలెనన్న, ముందుగా దానిని కడిగి శుద్ధిచేయవలసియుండునట.

అంగారకుని దినము మన దినముకంటె దాదాపు 40 నిమిషములు పెద్దది. నవలలోనివారు దానికొక యుపాయము పన్నిరి. అర్ధరాత్రి గడియారములన్నియు నిలిచిపోవును. 39 నిమిషముల పైచిలుకు గడచిన పిమ్మట మరల నడచును. ఆ నడిమికాలము ఏ లెక్కలోనిదియు గాదు. ఎవ్వరికిని చెందని యా కొద్దిపాటి కాలము మన యిండ్లలో నుండిన నెంత బాగుండునని తోటికోడలు నిట్టూర్చినది. "వుంటే మాత్రం ఏమి, పప్పు నానబెట్టడానికే సరిపోతుంది" అంటిని.

మిషెల్ అను మనోవైద్యుని భాగము చిన్నది. అందఱి దిగులును మాన్పుటకు పంపబడినవాడే స్వదేశమగు ప్రోవాన్సును తలచి తలచి కృశించుచుండును. వానిని మొదట ఇతరుల భాగములలో చూచినపుడు శాంతమూర్తి యనుకొంటిమి. ఇక ఆన్, సాక్స్ అను నిరువురి వివాదము మూడు సంపుటములకును వెన్నెముక. ఆన్ శిలాశాస్త్రజ్ఞురాలు. కోట్లకొలది యేండ్లుగా నున్న ఎఱ్ఱనేలను మనుష్యుడు చెఱుపగూడదని ఆమె పట్టుదల. సాక్స్ భౌతికవేత్త. గాలి నింపి, నీరు పాఱించి, పచ్చదనము మొలపింపవలయునని వాని తలంపు. తోటికోడలికి సాక్స్ పేరెత్తిన మండును. నాకు ఆన్ మొండిదిగా తోచినది. మొదటి సంపుటమున సాక్స్‌కు భాగము లేదు. కడపటి భాగము ఆన్‌ది. తిరుగుబాటు విఫలమై, భూగర్భజలములు పగిలి మహాలోయలలో వరదగా దుముకుచుండ, ఆమెయు కొందఱును బండ్లలో పాఱిపోవుచుందురు. ఆ దారిలో ఫ్రాంక్ బండిని దాటించుటకై క్రిందికి దిగి వరదలో కొట్టుకొనిపోవును. హంతకుడని మాకు తెలిసిన యా మనుష్యుడు, ఆ సంగతి తెలియని ఆన్ కన్నులయెదుట, తోడివారికొఱకు పాటుపడుచు చచ్చును. ఆ పుటవద్ద పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. నాకు జాలి కలిగినది. కలిగినందుకు కష్టమును కలిగినది.

నన్నింకను విడువని సంగతి వేఱొకటి. హిరోకో అను జపానుస్త్రీ యున్నది. ప్రయాణమున నావలోని తోట ఆమెది. అంగారకమున పాదులు, కూరలు, పంటలు ఆమెవి. నూఱుగురును తిన్న ప్రతి ముద్దయు ఆమె చేతిమీదుగా వచ్చినదే. నావలో నెవ్వరికిని తెలియకుండ నొక మనిషిని దాచియుంచి తిండి పెట్టినదియు ఆమెయే. అవును మఱి, ఒక పొట్ట ఎక్కువైనదని వడ్డించువారికి దక్క నెవ్వరికి తెలియును? ఒకనాడు తనవారిని వెంటబెట్టుకొని ఎవ్వరికిని చెప్పకుండ మాయమగును. కథ యంతయు ఆమెచుట్టు తిరుగును. ఆమె యేమనుకొన్నదో అని ప్రతివారును ఊహింతురు. కాని ఆమెకొక్క భాగమును లేదు. మూడు సంపుటములలోను లేదు. కర్త మఱచెనని యనుకొనను. కావలెననియే ఆమెను బయటినుండి చూపెను. ఆమె లోపల నేమున్నదో మనకు తెలిసియున్న, అంతమంది యామెను దేవతగాను, మోసకత్తెగాను తలచుట సాగెడిది కాదు. అది కథనకౌశలమని పంతులమ్మగారు మెచ్చిరి. నాకు మాత్రము, అన్నము పెట్టినదానికే అధ్యాయము లేకపోవుట కష్టముగానే యున్నది.

ఈ మాట మీద మా యింట నొక సంగతి బయటపడినది. వ్రాయుదునా మాన్పుదునా యని పది దినములు తలచి, తోటికోడలి సమ్మతి పుచ్చుకొని వ్రాయుచున్నాను. మా అత్తగారు పక్షవాతము వచ్చి, మాట పడిపోయి, మూడేండ్లు మా యింట మంచమున నుండి గతించిరి. ఆ మూడేండ్లలో తోటికోడలు తన యూరినుండి రెండుమార్లు మాత్రమే వచ్చినది. ఆ రెండు అను సంఖ్యను నేను పదునాలుగేండ్లుగా మనసులో లెక్కించుచునే యున్నాను. పైకి అనలేదు, మఱవనునులేదు. హిరోకోనుగూర్చి నే నట్లు బాధపడుచుండగా, ఆమె చేతిలోని పుస్తకము ప్రక్కన పెట్టి, "అక్కయ్యా, నీ భాగంలో నేను రెండుసార్లే వచ్చినదాన్ని. నా భాగంలో, పండుగ పండుగకూ సంచి సర్దుకొని, నీకు ఫోను చేసి, ‘ఇప్పుడెందుకులే, నీకు శ్రమ’ అని నువ్వంటే, మళ్ళీ సంచి విప్పుకొన్నదాన్ని" అన్నది.

ఆ మాట నేనన్నది నిజము. ఎన్నిమార్లన్నానో నాకు జ్ఞప్తి లేదు. ఆమెకు శ్రమ యగునని అంటినని యింతకాలము నాకు నేను చెప్పుకొంటిని. ఆనాటి మధ్యాహ్నము మఱియొకటి తోచినది. అత్తగారికి చేసినది నే నొక్కతెనే యని నలుగురును అనవలయునని నాలోపల నెచ్చటనో యుండెను. ఇది యొప్పుకొనుటకు నోరు రాలేదు. కాఫీ కలుపుటకు లేచితిని. ఆమెయు వెంట వచ్చి గ్లాసులు కడిగినది. తరువాత మే మిద్దఱమును కూర్చుండి అత్తగారినిగూర్చి మాటలాడితిమి. సాయంకాలమైన ఆమె తలుపువైపే చూచుచుండెడివారు. వెలుతురు కావలెనేమో యని నేను కిటికీ తెఱచెడిదానను. తోటికోడలు వచ్చిన రెండుమార్లును, ఆమె చూపు తలుపునుండి తొలగలేదట. ఎవ్వరికొఱకు చూచెడివారో మా యిద్దఱి భాగములలోను లేదు.

ఇటువంటి నవల మఱియొకటి చదివితిమి. డాన్ సిమ్మన్స్ వ్రాసిన ‘హైపీరియన్’, 1989లోనిది. దీనికి 1990లో హ్యూగో బహుమానము వచ్చినది. ఏడుగురు యాత్రికులు భయంకరమైన యొక దైవతస్థలమునకు పోవుచు, త్రోవలో తమ తమ కథలు చెప్పుకొందురు. ఇది మనకు క్రొత్త పద్ధతి కాదు. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన తన కళాపూర్ణోదయమున, ఒకరి కథ మఱియొకరి నోట తెలియవచ్చునట్లు చిక్కుముడి వేసి విప్పినాడు. హైపీరియనులో ఏడుగురుండినను కథలు ఆఱే. ఒకడు తన కథ చెప్పకమునుపే మాయమగును. ఇచ్చటను ఒక భాగము లోటు!

ఆఱు కథలలో తండ్రి చెప్పినది తల్లులు చదువలేరు. సోల్ అను పండితుని కూతురు రేచల్. ఇరువదియాఱేండ్ల వయసున పురాతన సమాధులను పరిశోధింపబోయి వింతజబ్బు తెచ్చుకొనును. నాటినుండి ఆమె వయసు వెనుకకు నడచును. ప్రతిదినమును ఉదయము లేచునప్పటికి ఒక దినపు జ్ఞాపకము పోయియుండును. తల్లిదండ్రులు ఒక్కరాత్రిలో ముదుసలులైనట్లు ఆమెకు కనబడును. ప్రతి యుదయమును కూర్చుండబెట్టి నిజము చెప్పవలయును. ప్రతి యుదయమును ఆమె క్రొత్తగా విని బెదరవలయును. కొంతకాలమునకు, ఇక తనకు చెప్పవద్దని ఆమెయే తండ్రిని వేడుకొనును. పసికందైన యామెను ఎత్తుకొని తండ్రి యాత్రకు వచ్చును. తల్లియగు సరాయి నడుమనే మరణించును. ఆమె మాటలు భర్త నోట మనము విందుము గాని ఆమె నోట వినము. కూతురు యువతియై, బాలయై, శిశువై పోవుచుండగా, ఏ గౌను బిగుసునో ఏది వదులో చూచినది తల్లియే గదా! ఆ కథ సరాయి చెప్పియున్న వేఱుగా నుండెడిది. ఈ నవల ముగింపులేక నిలిచిపోవును. కథ తెలియవలెనన్న 1990లో వచ్చిన తరువాయి గ్రంథము చదువవలయును. కొని చదువువారు ఇది ముందే తెలిసికొనుట మంచిది. నే నా రాత్రి కర్తపై మిక్కిలి కోపగించుకొంటిని.

లోపములు లేకపోలేదు. రెడ్ మార్సులో రాళ్ళ వర్ణనము పుటలకొలది గలదు. పేర్లు జ్ఞప్తి నుండవు. నేను చీటీపై పేర్లును, ఎవ్వరు ఎవ్వరికేమగుదురో అదియు వ్రాసి, ప్రతిలోనే పెట్టితిని. అది లేక మూడవ భాగము దాటలేము. ఆ నూఱుగురి స్త్రీపురుష సంబంధములు మన యిండ్ల మర్యాదకు దూరములు. చిన్నపిల్లల చేతికి వెంటనే ఈయకుడు. హైపీరియనులో రక్తపాతము మెండు; సైనికుని కథ నేను సగముతో విడిచితిని. క్రొత్తగా చదువువారు రెడ్ మార్సుతో మొదలుపెట్టి, ఫ్రాంక్ భాగమువద్ద విసిగినను నాదియా వచ్చువఱకు ఓపికపట్టుడు.

గ్రీన్ మార్సు ఇప్పుడు తోటికోడలివద్ద నున్నది. నేను ముందే ముగించితిని. ఆ సంపుటమున సాక్స్‌కు తన భాగము లభించును. ఆ సంపుటముననే శత్రువుల చేజిక్కి, మెదడునకు దెబ్బతగిలి, వానికి మాట పోవును. తెలిసిన పేర్లు నోటికి రాక, ఒక్కొక్క మాటయే మరల నేర్చుకొనవలసివచ్చును. ఆమె యింకను అచ్చటికి రాలేదు. నిన్న దారిలో కనబడి, "నీ సాక్స్ ఇంకా బాగుపడలేదక్కయ్యా" అని నవ్వినది. నేనేమియు చెప్పలేదు. గుఱుతుకై నేను పెట్టిన కొబ్బరియీనె, ఆమె చదువుచున్న చోటికి ఇంకను నలువది పుటల దూరమున నున్నది.